మూడవ ముక్క

1966-67 ప్రాంతంలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, ఆక్టో బార్నెట్ ప్రయోగశాలలో, నీల్ పాపలార్డో ప్రభృతులు ఒక కంప్యూటర్ భాషను రూపొందించారు. పేరు మంప్స్. గవదబిళ్ళలకు ఇంగ్లీషులో ఉన్న పేరే! ఆసుపత్రిలో పుట్టిందని వేరే చెప్పనక్కరలేదు.

1977లో అమెరికా జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఈ భాషలో ‘పీస్’ అనే ఫంక్షన్ ఉంది. ఏ గుర్తు దగ్గర తెంచాలో, ఎన్నో ముక్క కావాలో చెబితే చాలు, ఆ విలువ చేతికి వస్తుంది. అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల విస్టా వ్యవస్థ దీనిపైనే నిర్మితమైంది. అందులో రోగి రికార్డు మొదటి వరుసలో, టోపీ ఆకారపు గుర్తుల మధ్య, మొదటి ముక్క పేరు, రెండవది లింగం, మూడవది పుట్టిన తేదీ. సంవత్సరాన్ని 1700 నుంచి లెక్కిస్తారు: 2470815 అంటే 1947 ఆగస్టు 15. ఈ అర్థమేదీ ఆ వరుసలో ఉండదు, చదివేవారికి తెలిసి ఉండాలి. పేరు తరువాత ఒక గుర్తు అదనంగా పడితే పుట్టిన తేదీ చోట లింగం వచ్చి కూర్చుంటుంది.

తరువాత ఎక్స్‌ఎమ్ఎల్, ఆపై జేసన్, విలువ పక్కనే దాని పేరును చేర్చాయి. 2016 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోని ‘జేసన్ వాల్యూ’ ఫంక్షన్‌కు ఆ పేర్ల దారి చూపితే చాలు. స్థానం తప్పే బెడద తీరింది. కానీ దారిలో ఒక్క అక్షరం తప్పినా అది సాధారణంగా పొరపాటని చెప్పదు, నల్ ఇచ్చి ఊరుకుంటుంది. పెన్సిలిన్ పడదని స్పష్టంగా రాసి ఉన్న రికార్డు నుంచి కూడా అలా నల్ రావచ్చు. దానిని తెరమీద ‘అలర్జీలు లేవు’ అని చూపే ప్రోగ్రాము రాయడం కష్టమేమీ కాదు. అడిగి లేదని తెలుసుకోవడం, అసలు అడగకపోవడం, రాసినది దొరకకపోవడం వైద్యుడికి మూడు వేర్వేరు సంగతులు.

తేదీ చోట లింగం కనిపిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. ఖాళీ చూసి ఉలిక్కిపడేదెవరు? విలువ దొరకనప్పుడు పొరపాటుగా ప్రకటించమనే నిబంధన ఆ ప్రమాణంలో ఉంది. అయితే క్వెరీ రాసేవారు ప్రత్యేకంగా కోరితేనే అది పనిచేస్తుంది.