కట్లపాము చెప్పిన సాక్ష్యం



మా ఇందల్వాయి ప్రాంతంలో కట్లపాము పేరు చెబితే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. రాత్రి నేలమీద నిద్రించేవారిని కరుస్తుంది. కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. ఏళ్ల క్రితం తరగతిలో కద్రువ వినతల కథ చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "ఆడపాము ఏదో మగపాము ఏదో ఎట్ల తెలుస్తది సార్?" అన్నాడు. తరగతంతా నవ్వింది. "పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను.

అదే ప్రశ్నను జీవితమంతా పట్టుకున్న మహానుభావుడు డాక్టర్ లాల్జీ సింగ్. 1947లో ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలోని ఒక పల్లెలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై పరిశోధించి డాక్టరేటు పొందారు. పాములలో స్త్రీపురుష భేదం ఎట్లా ఏర్పడిందన్నదే ఆయన జిజ్ఞాస. 1974లో ఎడింబరో వెళ్లి, పసుపు నలుపు పట్టీల కట్లపాము డి.ఎన్.ఎ.పై కృషి చేశారు. ఆడపాము లింగ క్రోమోజోములో, పద్యంలో ఒకే గణం మళ్లీమళ్లీ వచ్చినట్లు, నాలుగక్షరాల వరుస ఒకటి ఆవృత్తమవుతున్నదని తేలింది. ఆ వరుస మనుషులలోనూ ఉంది!

1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఎ. వేలిముద్రల పద్ధతిని కనుగొన్నారు. 1987లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి వచ్చిన లాల్జీ సింగ్, విదేశీ సాధనంపై ఆధారపడక, తన కట్లపాము వరుసతోనే ఆ పద్ధతిని సాధించారు. ఆ ఆవృత్తుల అమరిక మనిషికీ మనిషికీ మారుతుంది. బిడ్డలో మాత్రం సగం తల్లిది, సగం తండ్రిది. కేరళలోని తలశ్శేరి న్యాయస్థానంలో ఒక బిడ్డ పితృత్వ వివాదాన్ని తేల్చింది ఈ పరీక్షే. 1991లో రాజీవ్ గాంధీ హత్యకేసులోనూ సి.సి.ఎం.బి. పరీక్షలు తోడ్పడ్డాయి.

1998 నుండి 2009 వరకు ఆయన సి.సి.ఎం.బి. సంచాలకులు. 2009లో సహపరిశోధకులతో కలిసి, మన జనసమూహాలలో అత్యధికం రెండు ప్రాచీన వంశధారల కలయికేనని ప్రకటించారు. ఆనక కాశీ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఒక్క రూపాయి జీతం తీసుకున్నారు. 2017 డిసెంబరు 10న కన్నుమూశారు.

పాములో ఆడామగా తేడా తెలిస్తే ఏమి లాభమని ఆయన గురువులు అడిగి ఉంటే, కన్నతండ్రి కాదన్న బిడ్డకు సాక్ష్యం చెప్పేవారెవరు? నేను ఆనాడు కూర్చోబెట్టింది ఒక పిల్లవాణ్ణి మాత్రమే కాదు, ఒక ప్రశ్నను. వాడు మళ్లీ ఎన్నడూ లేచి ఏమీ అడగలేదు.