అక్వేరియంలో పాచి తినే జీవులు – ఎంపిక చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
– పాచి తినే జీవులు అక్వేరియంలోకి ఎలా వచ్చాయో వివరించగలుగుతారు.
– చేపల వ్యాపారం వాటి పాత్రను ఎలా మార్చిందో చెప్పగలుగుతారు.
– చిన్న మంచినీటి తొట్టికి తగిన జీవిని కారణాలతో ఎంచుకోగలుగుతారు.

1. పరిచయం

గాజుతొట్టిలో చేపలను పెంచేవారి ఇంట్లో అద్దాలకు పట్టిన ఆకుపచ్చని పాచిని మీరు చూసే ఉంటారు. దుకాణంలో అడిగితే ఒక నల్లని సక్కర్ చేప పిల్లను కవరులో పోసి ఇస్తారు. పాచి అంతా అదే తినేస్తుందని చెబుతారు. పాచి తినే జీవిని ఇలా పనిమనిషిలా చూడటం మొదటి నుంచీ ఉన్న అలవాటు కాదు. ఆ మార్పు ఎలా వచ్చిందో ఇక్కడ పరిశీలిద్దాం.

2. వారింగ్టన్ ప్రయోగం

రాబర్ట్ వారింగ్టన్ లండన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త. ఆయన ఒక గాజు పాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటి మొక్కను ఉంచాడు. మొక్క విడుదల చేసే ఆక్సిజన్ చేపలకు, చేపలు విడిచే కార్బన్ డై ఆక్సైడ్ మొక్కకు ఉపయోగపడతాయని ఆయన ఆలోచన. అయితే కొంతకాలానికి ముదురు ఆకులు కుళ్లి నీరు మసకబారింది. గాజుకు ఆకుపచ్చని జిగురు పట్టింది.

అప్పుడు వారింగ్టన్ చెరువు నత్తలను అందులో వేశాడు. అవి కుళ్లిన ఆకులనూ పాచినీ తినగా నీరు తేటబడింది. నత్తల గుడ్లు, పిల్లలు చేపలకు ఆహారమయ్యాయి. ఈ ఫలితాలను ఆయన 1850లో ప్రకటించాడు. ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. మొక్క, చేప, నత్త ఈ మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడ్డాయి. నత్త తొట్టిని శుభ్రం చేయడమే కాక, ఆ సమతుల్యంలో ఒక భాగంగా జీవించింది.

3. సమతుల్యం నుంచి సరుకు వరకు

1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపల భవనం ప్రారంభమైంది. 1854లో ఫిలిప్ హెన్రీ గోస్ 'ది అక్వేరియం' అనే గ్రంథం ప్రచురించాడు. గాజుతొట్టి మధ్యతరగతి ఇళ్లలోకి ప్రవేశించింది. ఇరవయ్యో శతాబ్దంలో విద్యుత్ దీపాలు, హీటర్లు, గాలి పంపులు వచ్చాయి. విమాన రవాణా ఉష్ణమండల చేపలను దూరదేశాలకు చేర్చింది. చేపల సంఖ్య, మేత, వెలుతురు పెరిగిన చోట పాచి కూడా పెరిగింది. దానికి పరిష్కారంగా వ్యాపారులు 'పాచి తినే చేప'ను అమ్మసాగారు.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన సక్కర్ చేప వీటిలో ముఖ్యమైనది. అమ్మేటప్పుడు వేలెడంత ఉండే ఈ చేప ఎదిగితే 30 సెంటీమీటర్లు దాటుతుంది. 'చైనీస్ ఆల్గే ఈటర్' అనే పేరుతో అమ్మే చేప ప్రధాన ఆవాసం థాయిలాండ్, లావోస్, కంబోడియా ప్రాంతపు నదులు. పిల్లగా ఉన్నప్పుడు అది పాచి తింటుంది. పెద్దదయ్యాక తోటి చేపలను తరుముతుంది, వాటి ఒంటిమీది జిగురును కూడా పీలుస్తుంది. కొనుగోలుదారు చూసింది పేరును, పిల్ల పరిమాణాన్ని మాత్రమే.

4. తొట్టి దాటిన పరిణామాలు

తొట్టిలో పట్టనంత పెరిగిన చేపను చంపడానికి మనసొప్పక కొందరు చెరువులోనో కాలువలోనో వదిలారు. పెంపక కేంద్రాల నుంచి కూడా కొన్ని తప్పించుకున్నాయి. ఈ విధంగా సక్కర్ జాతులు మెక్సికో, ఫిలిప్పీన్స్, భారతదేశంతో సహా అనేక దేశాల జలాల్లో స్థిరపడ్డాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మత్స్యకారులు దీనిని 'దెయ్యం చేప' అంటారు. దీని గట్టి పొలుసులు, ముళ్లు వలలను చింపుతాయి. గుడ్లు పెట్టడానికి ఇది గట్లను తవ్వుతుంది. పెంపకపు చేపలతో మేత కోసం పోటీపడుతుంది. ఒక ఇంటి తొట్టిలో జరిగిన తప్పు ఎంపికకు మూల్యం చెల్లిస్తున్నది చెరువు మీద బతికే కుటుంబం.

5. చిన్న తొట్టికి ఎంపిక

జపాన్ ఛాయాచిత్రకారుడు తకాషి అమానో (1954–2015) మొక్కలు నిండిన తొట్టెలలో పోగులాంటి పాచిని తినడానికి చిన్న రొయ్యలను వాడి ప్రచారంలోకి తెచ్చాడు. నేడు 'అమానో రొయ్య' అని పిలిచే ఈ జీవి సుమారు 5 సెంటీమీటర్లే పెరుగుతుంది. దాని డింభకాలకు ఉప్పు కలిసిన నీరు అవసరం. కాబట్టి మంచినీటి తొట్టిలో దాని సంతతి పెరగదు. ఈ ఎంపిక ఒక విధంగా వారింగ్టన్ ఆలోచనకు దగ్గరగా ఉంది.

60 లీటర్ల తొట్టికి ఈ రొయ్యలు గానీ, నెరైట్ నత్తలు గానీ, 4–5 సెంటీమీటర్ల ఓటోసింక్లస్ చేపల చిన్న గుంపు గానీ సరిపోతాయి. ఓటోసింక్లస్‌లలో చాలావరకు నదుల నుంచి పట్టి తెచ్చినవే. కనుక వాటిని కొత్త తొట్టిలో వేయకూడదు. పాచి కొంత పట్టి, నీరు కుదుటపడిన తరువాతే వేయాలి. పాచి చాలనప్పుడు ఉడికించిన కూరగాయ ముక్కలు ఇవ్వాలి. పెద్ద చేపలున్న తొట్టిలో రొయ్యలు వాటికి ఆహారమవుతాయని గుర్తుంచుకోండి. నీరంతా పచ్చబడితే ఏ చేపా దానిని బాగుచేయలేదు. ముందు వెలుతురు, మేత తగ్గించాలి.

6. సారాంశం

పాచి తినే జీవి మొదట సమతుల్యంలో భాగంగా తొట్టిలోకి వచ్చింది. తరువాత అది ఒక సరుకుగా మారింది. కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎంత పెరుగుతుంది? పెద్దయ్యాక ఏమి తింటుంది? నాకు వద్దనుకున్నప్పుడు ఎక్కడికి పోతుంది? మూడో ప్రశ్నకు జవాబు 'చెరువు' అయితే, ఆ చేపను కొనకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. వారింగ్టన్ తొట్టిలో నత్తల పాత్రను వివరించండి.
2. సక్కర్ చేప చిన్న తొట్టికి ఎందుకు తగదు? రెండు కారణాలు రాయండి.
3. మీ ప్రాంతంలోని చెరువులో 'దెయ్యం చేప' కనిపించిందేమో మత్స్యకారులను అడిగి, వారు చెప్పినది పది వాక్యాలలో రాయండి.