విశ్వాసం, సత్క్రియలు: సోంపేట ఆరోగ్యవరం

మనిషికి రక్షణ విశ్వాసం వల్ల కలుగుతుందా, మంచి పనుల వల్లనా? క్రైస్తవంలో ఇంతగా వాదం నడిచిన ప్రశ్నలు తక్కువ. అది విశ్వాసం ద్వారా అందే కృప అని పౌలు బోధించాడు. పనుల్లో కనిపించని విశ్వాసానికి ప్రాణం లేదన్నది యాకోబు పత్రిక. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ ‘విశ్వాసం మాత్రమే’ అన్నాడు. 1547లో కేథలిక్కుల ట్రెంట్ మహాసభ దాన్ని తిరస్కరించింది. రక్షణ కృపవల్లే, సత్క్రియలు దాని ఫలాలు అంటూ కేథలిక్కులు, లూథరన్లు 1999లో ఉమ్మడి ప్రకటన చేశారు.

సోంపేట ఉన్న ఉద్దానం తీరంలో ఈ చర్చకు ఆసుపత్రి రూపం ఉంది.

టెక్కలి, సోంపేట ప్రాంతాల్లో పనిచేసిన కెనడా బాప్టిస్టులు రక్షణ విషయంలో లూథర్ బాటవారే. వ్యక్తిగతంగా విశ్వసించాకే బాప్తిస్మం ఇస్తారు. పుణ్యకార్యాలతో రక్షణ సంపాదించుకోవచ్చని ఒప్పుకోరు. అయినా సోంపేటలో ఆరోగ్యవరం ఆసుపత్రి నడిపారు. అక్కడి మిషనరీ వైద్యుడు బెన్ గల్లిసన్ పేదల కళ్లలో శుక్లాలు తీసేవారు. ఆ పని గురించి విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థను ప్రారంభించారు. అప్పట్లో ఒకరికి చూపు తెప్పించడానికి 25 డాలర్లు సరిపోయేవి. పనిని రక్షణకు చెల్లించే వెలగా కాక, విశ్వాసానికి కాసిన పండుగా చూడటానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ ఈ తీరంలో దొరకదు.