చిల్లు ఒకటా, రెండా?

మా మిషిగన్‌లో ఏటా నవంబరు 15న తుపాకులతో జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు మా ఆఫీసులో చాలా కుర్చీలు ఖాళీ. వేటంటే మన ఇళ్ళలో చాలామందికి గిట్టదు, నేనూ వెళ్ళను. కాని సహోద్యోగి ఒకాయన తన తూటాలు తానే ఇంట్లో నింపుకుంటాడని విన్నాక, కొట్లో దొరికే వస్తువుకి ఇంత తాపత్రయం ఎందుకా అని పాత పుస్తకాలు తిరగేశాను.

మన పల్లెల్లో నాటు తుపాకి చూసినవారికి తెలుసు. మూతిలోంచి మందు పోసి, పీచు దట్టించి, గుళ్ళు వేసి మళ్ళీ దట్టించాలి. ప్రతిసారీ చేత్తో కొలవాల్సిందే. ఇత్తడి తూటా వచ్చాక మందూ, గుండూ, నిప్పు పుట్టించే ప్రైమరూ ఒకే డొల్లలో ఇమిడాయి. పేల్చాక డొల్ల మిగులుతుంది. ఇత్తడి ఖరీదైనది, పారెయ్యడానికి మనసొప్పదు. 1870లలో అమెరికా మైదానాల్లో బైసన్ వేటగాళ్ళు రాత్రిపూట కూర్చుని డొల్లలు తిరిగి నింపుకునేవారు. వాళ్ళ పొదుపు బైసన్లకి మాత్రం కలిసిరాలేదు.

ఈ పొదుపు సాగడానికి ఒక చిన్న చిల్లు తోడ్పడింది. 1866లో ప్రైమరుకి రెండు రూపాలు వచ్చాయి. అమెరికా వాడైన హైరమ్ బెర్డాన్ పద్ధతిలో డొల్ల అడుగున రెండు సన్న చిల్లులు. ఇంగ్లండు వాడైన ఎడ్వర్డ్ బాక్సర్ పద్ధతిలో నడిమధ్య ఒకటే. ఒకటే అయితే సన్నని చువ్వతో కాలిన ప్రైమరుని ఇట్టే పొడిచి తియ్యొచ్చు. తమాషా ఏమిటంటే బెర్డాన్‌ది యూరపులోనూ, బాక్సర్‌ది అమెరికాలోనూ స్థిరపడ్డాయి!

గురి సంగతి 1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో తేలింది. ఐర్లండు జట్టు మూతిలోంచి దట్టించే రైఫిళ్ళతోనూ, అమెరికా జట్టు వెనకనించి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్ళతోనూ దిగాయి. దూరాలు 800, 900, 1000 గజాలు. అమెరికా 934–931తో నెగ్గింది. ఐర్లండు ఆటగాడొకడు పొరపాటున పక్క గురిచక్రాన్ని నడిమధ్య కొట్టాడు. ఆ నాలుగు పాయింట్లూ కలిస్తే కథ తారుమారే! నన్నడిగితే అది ఇంచుమించు సమానమైన పందెం. కాని శ్రద్ధగా నింపిన తూటా పాత పద్ధతికి తీసిపోదని లోకానికి తెలిసింది.

ఎందుకు తీసిపోదు? పేలినప్పుడు ఇత్తడి డొల్ల ఉబ్బి ఆ తుపాకి గదికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. మెడ మాత్రం బిగించి మళ్ళీ నింపితే, ఆ రైఫిలుకి కొలతలిచ్చి కుట్టించిన చొక్కా. ఫ్యాక్టరీది రెడీమేడ్, అందరికీ పట్టాలి. ఇక మందుని గ్రెయిన్లలో తూస్తారు, పౌనుకి 7000. మన కంసాలి గురిగింజ దాదాపు రెండు గ్రెయిన్లు. వీళ్ళు గ్రెయిన్‌లో పదోవంతు దాకా చూస్తారు. మందు మారితే వేగం, వేగం మారితే గుండు పడే చోటు మారతాయి. ఇంజనీరింగులో మేం నేర్చుకున్న మాటే: సగటు కాదు, చెదురు తగ్గాలి.

రెండో ప్రపంచయుద్ధంలో తూటాలన్నీ సైన్యానికి పోయాయి. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన 4895 రకం మందుని కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ కొని టపాలో అమ్మాడు. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ పాయింట్ 22 తూటాల ఖాళీ డొల్లలనించే గుళ్ళకి తొడుగులు చేసే అచ్చులు తయారుచేశాడు. గరాజు కార్ఖానాలు అలా పెరిగాయి.

వంద గజాల దగ్గర అంగుళం చెదిరితే మూడు వందల దగ్గర మూడంగుళాలు. జింకకి గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది, పది అంగుళాలే. అది తప్పితే కడుపులో గుండుతో అడవిలోకి పరిగెడుతుంది, చావడానికి గంటలు పట్టొచ్చు. వేట నచ్చని నాకూ ఆ తాపత్రయం అక్కడ అర్థమైంది. వేటగాడి భుజం వణికితే మాత్రం ఈ తూకాలేవీ ఆదుకోవు.

2007లో హార్నడీ కంపెనీ ఒక కొత్త తూటాకి క్రీడ్‌మూర్ పేరు పెట్టింది. మొదట్లో ఆ పెట్టెల మీద, లోపల ఏ మందు ఎంత పోశారో కూడా అచ్చువేసేవారు, ఇంట్లో నింపుకునేవాళ్ళ కోసం.