వ్యక్తి
మనిషి అనే అర్థంలో నేడు తెలుగులో స్థిరపడిన 'వ్యక్తి' అనే తత్సమ పదానికి మూలార్థం వెల్లడి కావడం. స్పష్టపరచడమనే అర్థమున్న 'అంజ్' ధాతువుకు 'వి' ఉపసర్గ చేరగా వ్యక్తం, అవ్యక్తం మాత్రమే గాక, అన్నానికి రుచి తెచ్చే వ్యంజనం కూడా పుట్టింది. న్యాయదర్శనానికి మూలగ్రంథమైన న్యాయసూత్రాల్లో 'వ్యక్తి' అనే పదం జాతికి, అంటే ఒక తరగతికంతటికీ చెందే సామాన్య ధర్మానికి, భిన్నంగా నిలిచే ఒక్కొక్క పదార్థాన్ని చెబుతుంది కనుక అక్కడ ఆవు కూడా వ్యక్తే. సమాజం కన్నా ఒక్కొక్క మనిషికే ప్రాధాన్యమిచ్చే ఆలోచనాధోరణికి వ్యక్తివాదమన్న పేరు ఈ పదం నుంచే ఏర్పడింది. లాటిన్ మూలం గల 'ఇండివిడ్యువల్' విభజించరానిదని మాత్రమే సూచించగా, 'వ్యక్తి' అంతకన్నా లోతైన మాట: సాంఖ్య దార్శనికులు అవ్యక్తమన్న మూలప్రకృతి, అంటే జగత్తుకు మూలకారణం, రూపం దాల్చి వ్యక్తమైనట్లే, మనిషిలో అణగి ఉన్న శక్తి బయటపడాలన్న భావానికి ఇందులో చోటుంది. ఇంతటి అర్థసంపద ఉండగా, 'వ్యక్తిత్వ వికాసం' అనే పదబంధం ఉద్యోగ శిక్షణ తరగతుల పేరుగా కుంచించుకుపోవడం భాషకు నిజమైన నష్టం.