నీటిలో నడిచిన పాత వాహనం.. హౌసింగ్ ఆయిల్ చూడండి

2025 ఆగస్టు చివర కురిసిన కుండపోత వర్షాలకు కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో రహదారులు నీట మునిగాయి. అలాంటి నీటిలో నడిచిన పాత సుమో, బొలెరో వంటి వాహనాల ఇంజిన్‌నే అందరూ చూపిస్తారు. వెనుక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ ఎవరికీ గుర్తుకు రాదు.

పరుగుతో వేడెక్కిన హౌసింగ్ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. బ్రీదర్ బురదతో పూడుకుపోయి ఉంటే, అరిగిన ఆయిల్ సీళ్ల సందుల నుంచి నీటిని లోనికి లాగుతుంది. నీరు కలిసిన గేర్ ఆయిల్ పాలవలె తెల్లబడి జిగట కోల్పోతుంది. బేరింగులు తుప్పుపడతాయి, క్రౌన్ వీల్, పినియన్ పళ్లు అరుగుతాయి. వేగం పెంచినపుడో, తగ్గించినపుడో వెనుక నుంచి వినిపించే మోత దీనికి తొలి సూచన. ఆ మోతతోనే పెళ్లి బృందాన్ని ఎక్కించుకుని అడవి దారి పట్టడం తెలివితక్కువతనమే.

నివారణకు పెద్ద ఖర్చేమీ లేదు. చదునైన చోట బండి నిలిపి ఆయిల్ పోసే ప్లగ్ విప్పి చూడాలి. ఆయిల్ రంధ్రం అంచు వరకు ఉండాలి. తెల్లబడితే మొత్తం తీసి, కంపెనీ సూచించిన గ్రేడు పోయించాలి, బ్రీదర్‌ను శుభ్రపరచాలి. తీసిన ఆయిల్‌లో ఇనుప పలుకులు కనిపిస్తే హౌసింగ్ విప్పించక తప్పదు.

బురదలో ఒక్క చక్రమే తిరుగుతుంటే యాక్సిలరేటర్ తొక్కరాదు. రెండో చక్రం కదలనపుడు తిరిగే చక్రం వేగం రెట్టింపై లోపలి చిన్న గేర్లు దెబ్బతింటాయి. ట్రాక్టరుతో లాగించుకోవడం మేలు.