సాంచా, రేపియర్: భివండిలో రెండు తరాల మగ్గాల పనితీరు

మహారాష్ట్ర ఠాణే జిల్లాలోని భివండికి నల్లగొండ, కరీంనగర్, వరంగల్ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా మరమగ్గాలపైనే ఆధారపడి జీవిస్తున్నాయి. అక్కడి గైబీ నగర్ వంటి పేటలలో చిరకాలంగా వినవస్తున్నది నాడె అటూ ఇటూ కొట్టుకునే సాదా సాంచా చప్పుడే. 1982 సమ్మె తరువాత మూతపడిన ముంబయి మిల్లుల పాత మగ్గాలు కూడా ఈ పట్టణానికి చేరాయి. పాత కారును కొత్త కారుతో పోల్చేవారు ముందుగా వేగాన్ని గురించి అడిగినట్లే, ఇక్కడ కూడా 'రేపియర్ ఎంత నేస్తుంది?' అన్నదే తొలి ప్రశ్న.

సాంచా వేగానికి హద్దు నాడె బరువులోనే ఉంది. కండెతో కూడిన నాడె అరకిలోకు దగ్గరగా తూగుతుంది. కొద్దిపాటి పేక దారం కోసం అంత బరువును ప్రతి పిక్కుకూ విసరాలి, ఆపాలి, మళ్లీ విసరాలి. అందుకే సాదా సాంచా నిమిషానికి సుమారు 120 నుంచి 150 పిక్కుల వద్ద ఆగిపోతుంది. పైగా కండె అయిపోయినప్పుడల్లా మగ్గాన్ని ఆపవలసిందే. రేపియర్‌లో నాడె లేదు. పక్కనున్న కోను నుంచి ఒక పట్టుకొమ్మ దారాన్ని మధ్యకు తెస్తే, ఎదురుగా వచ్చిన రెండవది దానిని అవతలి అంచుకు చేరుస్తుంది. 400 పిక్కులు దానికి సామాన్యమైన వేగం.

అంగుళానికి 52 పిక్కుల గుడ్డను తీసుకుందాం. 150 పిక్కుల సాంచా 70 శాతం సమయం నడిస్తే 12 గంటల పాళీలో దాదాపు 37 మీటర్లు వస్తాయి. 400 పిక్కుల రేపియర్ 85 శాతం నడిస్తే దాదాపు 120 మీటర్లు. రేపియర్ పన్నా వెడల్పు కనుక, చదరపు మీటర్లలో చూస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

అయితే ఈ 85 శాతం ఊరికే రాదు. ముతక నూలు, అతుకులు ఎక్కువగా ఉన్న పడుగు ఆ వేగాన్ని తట్టుకోలేవు. ఎలక్ట్రానిక్ భాగం చెడితే విడిభాగం కోసం ఎదురుచూడాలి. సాంచాను మాత్రం పేటలోని మిస్త్రీయే బాగుచేస్తాడు. నాడె వెనుదిరగడం వల్ల అంచు గట్టిగా మూసుకుపోతుంది. లుంగీ, ధోవతి నేతలో ఇది చిన్న విషయం కాదు. రేపియర్‌లో ప్రతి పేకా అంచున తెగుతుంది, కొంత దారం వృథా అవుతుంది.

చెవుల సంగతి ఈ లెక్కలలో సాధారణంగా చేరదు. నాడె మగ్గాల షెడ్లలో శబ్దం తరచుగా 95 డెసిబెల్స్ దాటుతుంది. మన కర్మాగారాలలో 8 గంటలకు పరిమితి 90 మాత్రమే, పాళీయేమో 12 గంటలు. రేపియర్ షెడ్డు నిశ్శబ్దమేమీ కాదు గాని, నాడె ఎగిరి పక్కవారికి తగిలే ప్రమాదం అక్కడ లేదు. మరోవైపు, మూడు సాంచాల గుడ్డను ఒక్క రేపియర్ నేస్తే మీటరు లెక్కన కూలి పొందే నేతకారులలో ఎందరికి పని మిగులుతుందన్నది యజమాని లెక్కలో కనిపించని పద్దు.

మధ్యేమార్గంగా పాత సాంచాకే కొత్త భాగాలు అమర్చే పద్ధతి ఉంది. 2017 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం భివండిలోనే ప్రారంభించిన పవర్‌టెక్స్ ఇండియా పథకంలో దీనికి సాయం కల్పించారు. పడుగు పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగే ఏర్పాటు వీటిలో ముఖ్యమైనది. దీనివల్ల వేగం పెద్దగా మారదు. తెగిన పోగుతోనే గజాల కొద్దీ నేసి, గుడ్డ తిరస్కరణకు గురై, కూలి కోతపడడం తగ్గుతుంది.